మా పటేల్ సంతకం ఢిల్లీ దాకా పోయింది



2023 ఎండాకాలం. మా దిక్కు ఒక గూడెంలో బోరు మోటారు కాలిపోయి అప్పటికే నెల దాటింది. ఆడోళ్లు తెల్లారకముందే వాగులోకి దిగి, చెలిమ తోడి, గిన్నెతో నీళ్లు ఎత్తి బిందెలు నింపుకుంటున్నారు. మేం నలుగురం అక్కడికి పోయింది పోడు పట్టాల గురించి మాట్లాడటానికి. నీళ్ల సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాం. మనం ఎప్పుడూ చేసేది అదే కదా.

చెట్టు కింద కూర్చున్నప్పుడు ఊరికే ఫోన్‌లో ఈ-గ్రామ్ స్వరాజ్ తెరిచి ఆ పంచాయతీ పేరు కొట్టాను. 2020 ఏప్రిల్‌లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ తెచ్చిన పోర్టల్ అది. ఏ పంచాయతీ ఏ పనికి ఎంత చెల్లించిందో అందులో ఎవరైనా చూడొచ్చు. ఆ గూడెం బోరు మోటారు రిపేరు పేరుతో ఏడాదిలో రెండుసార్లు బిల్లు డ్రా అయినట్టు కనపడింది. గట్టిగా చదివి వినిపించాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక అవ్వ మాత్రం, "రెండుసార్లు బాగుచేసిన మోటారు ఏది బిడ్డా, ఒక్కసారన్న చూపెట్టు" అన్నది.

తర్వాత ఆర్టీఐ పెట్టి పంచాయతీ తీర్మానాల పుస్తకం చూశాం. రెండు పనులకూ గ్రామసభ ఆమోదం ఉన్నట్టు రాసి ఉంది. కింద వేలిముద్రలు, నాలుగైదు సంతకాలు. అందులో మొదటి సంతకం ఆ గూడెం పటేల్‌ది. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. పుస్తకం ఫొటో చూపిస్తే చాలాసేపు చూసి, "సంతకం నాదే తమ్మీ. పింఛన్ల కాయితం అన్నరు, పెట్టిన" అన్నాడు. ఇంకాసేపు ఆగి, "ఇది ఎంతదాక పోతది?" అని అడిగాడు. "ఢిల్లీ దాకా పోతది కాకా" అన్నాను. ఆయన తలకాయ దించుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆ ప్రశ్న నన్ను వదలలేదు. నిజంగానే ఆ సంతకం ఎంత దూరం పోతుంది? ఢిల్లీలో దాన్ని ఎవరు చదువుతారు? చదివి ఏం చేస్తారు? డిగ్రీలో పొలిటికల్ సైన్స్ చదివినా ఈ దారి నాకు ఎవరూ చెప్పలేదు. తెలుసుకున్నంతవరకు మీకు చెప్తాను. నేను చెప్పదలుచుకున్న మాట ఒక్కటే: మన డబ్బు మీద పార్లమెంట్ చేసే తనిఖీకి బలం రావాలంటే, అది మన గ్రామసభ దగ్గర మొదలు కావాలి. అక్కడ దొంగ తీర్మానం పడితే, పైన ఎంత పెద్ద కమిటీ కూర్చున్నా అది చదివేది ఆ దొంగ తీర్మానం మీద లేచిన లెక్కనే.

పైన ఏం జరుగుతుంది?

పార్లమెంట్ అంటే మనకు టీవీలో అరుపులే కనపడతాయి. లెక్క అడిగే అసలు పని చాలావరకు కమిటీ గదుల్లో నడుస్తుంది. ప్రజా పద్దుల సంఘం అని ఒకటి ఉంది, పీఏసీ అంటారు. లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి 7 మంది సభ్యులు. 1967 నుంచి దీనికి ప్రతిపక్ష సభ్యుడే చైర్మన్‌గా ఉంటున్నాడు. ప్రభుత్వ ఖర్చును ఆడిట్ చేసే కాగ్ ఇచ్చే నివేదికలు రాజ్యాంగం 151వ అధికరణ ప్రకారం సభ ముందుకు వస్తాయి. వాటిని పట్టుకుని శాఖల కార్యదర్శులను పిలిచి అడగడం పీఏసీ పని. ఇట్లాంటి సంఘమే ప్రతి రాష్ట్ర శాసనసభలోనూ ఉంటుంది.

ఇది కాక శాఖల వారీగా 24 స్థాయీ సంఘాలున్నాయి. ఒక్కోదాంట్లో 31 మంది. గిరిజన వ్యవహారాల శాఖ సామాజిక న్యాయం, సాధికారత సంఘం కిందికి వస్తుంది. పంచాయతీరాజ్ శాఖ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంఘం కిందికి వస్తుంది. ప్రతి ఏడాది బడ్జెట్ తర్వాత ఇవి ఆయా శాఖల పద్దులను పరిశీలించి నివేదిక ఇస్తాయి. ఎస్సీ, ఎస్టీల సంక్షేమం కోసం విడిగా 30 మందితో ఇంకో సంఘం ఉంది.

ఇవన్నీ ఉత్తవే అని కొట్టిపారేయను. 2015లో కాగ్ గిరిజన ఉప ప్రణాళిక మీద ప్రత్యేకంగా ఆడిట్ నివేదిక ఇచ్చింది. సరైన ప్రణాళిక లేకుండా నిధులు వదలడం, పర్యవేక్షణ సరిగా లేకపోవడం అందులో రికార్డుకెక్కాయి. 2022 మార్చిలో సామాజిక న్యాయం స్థాయీ సంఘం ఇంకో మాట సూటిగా చెప్పింది: జాతీయ ఎస్టీ కమిషన్ నాలుగేళ్లుగా సరిగా పనిచేయడం లేదని, పార్లమెంట్‌కు ఒక్క నివేదిక కూడా ఇవ్వలేదని. 338ఎ అధికరణ ప్రకారం ఆ కమిషన్ నివేదికలు, వాటి మీద తీసుకున్న చర్యలతో సహా, ఉభయ సభల ముందు పెట్టాలి. మన కోసం కాపలా కాయాల్సిన సంస్థ నోరు తెరవడం లేదని చెప్పింది పార్లమెంట్ కమిటీయే. మన ధర్నాలో మనం అంటే ఆరోపణ అంటారు. కమిటీ నివేదికలో ఉంటే దాన్ని ఎవరూ తీసేయలేరు.

కానీ దీని బలహీనతలు కూడా చూడాలి. మొదటిది, సభకు తీరిక లేదు. చర్చకు టైం అయిపోయిందని మిగిలిన పద్దులన్నీ ఒక్కసారే ఓటుకు పెట్టడాన్ని గిలటిన్ అంటారు. 2018లో, మళ్లీ 2023లో లోక్‌సభ ఒక్క మంత్రిత్వ శాఖ పద్దును కూడా చర్చించకుండా మొత్తం బడ్జెట్‌ను అట్లాగే పాస్ చేసింది. మా గూడెంలో చెలిమ తోడుకుంటున్న ఆ ఏడాదే, మన శాఖ పద్దు మీద లోక్‌సభలో ఒక్క గంట చర్చ కూడా జరగలేదు. రెండోది, కమిటీల సిఫారసులను ప్రభుత్వం పాటించి తీరాలనే నిబంధన లేదు. ఏం చర్య తీసుకున్నారో జవాబు మాత్రం ఇవ్వాలి. "పరిశీలనలో ఉంది" అన్నా అది జవాబే.

మూడోది అన్నిటికంటే పెద్దది. కమిటీ ముందు ఉండేది కాగితం. ఏ రాష్ట్రానికి ఎంత విడుదల, ఎంత ఖర్చు, ఎన్ని యూసీలు వచ్చాయి, ఎన్ని రావాలి. యూసీ అంటే యుటిలైజేషన్ సర్టిఫికెట్, ఇచ్చిన డబ్బు ఇచ్చిన పనికే ఖర్చయిందని చెప్పే పత్రం. మా గూడెం మోటారు పేరు అక్కడ కనపడదు. అది మండలంలో ఒక అంకెలో కలిసి, జిల్లాలో ఇంకో అంకెలో కలిసి, హైదరాబాద్ నుంచి ఒక్క వరుసగా పోతుంది. ఆ వరుస చదివే ఎంపీకి మోటారు తిరుగుతుందో లేదో తెలిసే దారి లేదు. యూసీ రాకపోతే కమిటీ అడుగుతుంది. యూసీ వస్తే పని అయిందనే అనుకుంటుంది. అంటే దొంగ కాగితం ఇచ్చినోడు తప్పించుకుంటాడు, కాగితం ఇవ్వనోడు దొరుకుతాడు.

కింద ఏం రాసి ఉంది?

ఇప్పుడు పీసా చట్టం తెరవండి. 1996 డిసెంబర్ 24న వచ్చిన చట్టం. మనం దీన్ని భూమి, గనులు, ఇసుక వచ్చినప్పుడు మాత్రమే గుర్తు చేసుకుంటాం. 4వ సెక్షన్‌లో మనం పెద్దగా చదవని మూడు మాటలున్నాయి.

4(ఇ) ప్రకారం ఏ పథకమైనా, ప్రణాళికైనా పంచాయతీ అమలు చేయకముందే గ్రామసభ ఆమోదించాలి. లబ్ధిదారులను గ్రామసభే గుర్తించాలి. 4(ఎఫ్) ప్రకారం ఆ పనులకు డబ్బు ఖర్చయిందని పంచాయతీ గ్రామసభ దగ్గర ధ్రువీకరణ పొందాలి. చదివితే అర్థమవుతుంది కదా, ఇది యూసీయే. షెడ్యూల్డ్ ఏరియాలో గ్రామ పంచాయతీ ఖర్చుకు సర్టిఫికెట్ ఇవ్వాల్సింది గ్రామసభ. చట్టంలో "తప్పనిసరి" అనే భాషలోనే ఉంది. ఇక 4(ఎం)లో గ్రామసభకు, పంచాయతీలకు ఇచ్చిన అధికారాల్లో రెండు చూడండి: సామాజిక రంగాల్లోని సంస్థల మీద, సిబ్బంది మీద అదుపు, స్థానిక ప్రణాళికల మీద, గిరిజన ఉప ప్రణాళికతో సహా వాటి వనరుల మీద అదుపు. ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు ఏం పెడుతున్నారో, సబ్ సెంటర్‌కు ఏఎన్ఎం వస్తుందో లేదో, అంగన్‌వాడీకి గుడ్లు వచ్చాయో లేదో అడగడం మనం ఎవరినో బతిమాలాల్సిన విషయం కాదు. అడిగే హక్కు పార్లమెంటే రాసి ఇచ్చింది.

ఇంకో సంగతి. పీసాలో గ్రామం అంటే రెవెన్యూ రికార్డులో ఉన్న ఊరు కాదు. తన సంప్రదాయాల ప్రకారం తన వ్యవహారాలు చూసుకునే ఆవాసం, లేదా కొన్ని ఆవాసాల సముదాయం. మా పటేల్ గూడెం పంచాయతీ కేంద్రానికి దూరం. గ్రామసభ జరిగిందని రాసింది కేంద్రంలో. ఆ గూడెం గడప తొక్కకుండానే ఆ గూడెం బోరు పని అయిపోయిందని రాసేశారు. గూడేనికి దాని సభ దానికి ఉంటే, ఆ పుస్తకం గూడెంలోనే తెరిస్తే, అవ్వ అక్కడే అడిగేది: మోటారు ఏది అని.

ఉమ్మడి రాష్ట్రంలో 2011లో పీసా నియమాలు వచ్చాయి. ఇంతకాలం అయినా, మన మండలాల్లో ఖర్చు మీద గ్రామసభ ధ్రువీకరణ పత్రం అని ఒక కాగితం మీరు కళ్లతో చూశారా? నేనైతే చూడలేదు. తీర్మానాల పుస్తకంలో ముందుగా సంతకాలు పెట్టించుకుని, పైన తర్వాత రాసుకున్నవే చూశాను.

పైసలు తక్కువేం కాదు

"ఊరి పంచాయతీకి వచ్చేది ఎంత, దానికింత గొడవ ఎందుకు" అంటారు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసింది 2,36,805 కోట్లు. అందులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలి. మిగతా 40 శాతం ఊరు తన అవసరం బట్టి వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం వాడకూడదు. అంటే చెలిమ నీళ్లు తాగే గూడేనికి నీళ్ల కోసమే కట్టి పెట్టిన పైసలున్నాయి. బిందె ఖాళీగా ఉందంటే "నిధులు లేవు" అనే జవాబుతో ఆగకుండా, ఈ పద్దు ఏమైందని అడగాలి.

తెలంగాణలో ఇంకో దెబ్బ తిన్నాం. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు చాలావరకు సొంత పంచాయతీలయ్యాయి. సంబరపడ్డాం. మన మనిషి సర్పంచ్ అయ్యాడు. ఆ పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. గడువు ముగియకముందే ఎన్నిక పూర్తి కావాలని 243ఇ అధికరణ చెప్తుంది. ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం గ్రాంటు ఇవ్వరు. తప్పు ఎన్నిక పెట్టనోళ్లది, నీళ్లకు ఎండింది ఊరు. దాని మీద గూడెం నుంచి ఒక్క తీర్మానం పైకి పోయిందా? మన సంఘాలు కూడా ఆ రెండేళ్లు దీన్ని పెద్ద సమస్యగా ఎత్తుకోలేదు. నేను కూడా ఎత్తుకోలేదు. ఒప్పుకుంటున్నాను.

ఆంధ్రా వైపు మన వాళ్లది ఇంకో కథ. ఆర్థిక సంఘం పైసలను పంచాయతీల కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేశారని అక్కడ సర్పంచులు పార్టీలకతీతంగా రోడ్డెక్కారు. ఖాతాలో పడిన డబ్బు తమను అడగకుండానే పోయిందని వాళ్ల బాధ. ఊరి ఖాతా మీద ఊరికి అదుపు లేకపోతే సరిహద్దుకు ఇటైనా అటైనా జరిగేది ఇదే.

ఇక ఉప ప్రణాళిక. 1974-75లో, ఐదో పంచవర్ష ప్రణాళికతో మొదలైంది. ప్రణాళిక, ప్రణాళికేతర అనే తేడాను 2017-18 నుంచి తీసేశాక పేర్లు మారాయి గానీ సూత్రం అదే: ఒక్క గిరిజన శాఖే కాదు, మిగతా శాఖలు కూడా మన కోసం వాటా తీసిపెట్టాలి. 2023-24 కేంద్ర బడ్జెట్‌లో గిరిజన వ్యవహారాల శాఖ సొంత పద్దు 12,461 కోట్లు. కానీ అన్ని శాఖలూ కలిపి ఎస్టీల పేర చూపించింది 1 లక్షా 19 వేల కోట్లకు పైనే. మనం ధర్నా చేసేది ఆ పదోవంతు ఉన్న శాఖ ముందు. మిగతా తొమ్మిది వంతులు ఏ శాఖలో ఏ పథకం కింద రాశారో మనం అడగం. అక్కడే ఆట నడుస్తుంది. అందరికీ వర్తించే పథకంలో మన జనాభా శాతం లెక్కగట్టి "ఇది ఎస్టీల ఖర్చు" అని రాసుకుంటే కాగితం మీద వాటా నిండుతుంది, గూడెంలో ఏమీ కనపడదు.

రాష్ట్రంలో దీనికి చట్టం కూడా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఉప ప్రణాళిక చట్టం తెచ్చుకున్నాం. తెలంగాణలో 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఒక ఏడాది ఖర్చు కాని మొత్తాన్ని తర్వాతి ఏడాది భర్తీ చేయాలని అందులో ఉంది. ఇది మంచి నిబంధన. కానీ ఖర్చు అయిందని దొంగ లెక్క రాస్తే భర్తీ చేయడానికి మిగిలేదేముంది? మళ్లీ తిరిగి అదే చోటికి వచ్చాం, ఖర్చయిందని ఎవరు చెప్పాలి అనే చోటికి.

అడిగితే డబ్బు ఆగిపోతుందంటే?

ఈ మాటలు మీటింగుల్లో చెప్తే రెండు అభ్యంతరాలు వస్తాయి. రెండూ ఉత్తవి కావు.

మొదటిది అధికారులు, కొందరు మన సర్పంచులు కూడా చెప్పేది: "మీరు సర్టిఫికెట్ ఇవ్వకపోతే తర్వాతి విడత రాదు. నష్టపోయేది మీ ఊరే." ఇది నిజమైన భయం. యూసీ ఆగితే పైసలు ఆగుతాయి. కానీ ఈ లెక్కన దొంగకు శిక్ష పడకుండా ఊరిని బందీగా పట్టుకున్నట్టే. గ్రామసభ చేయాల్సింది సంతకం ఎగ్గొట్టడం కాదు. అయిన పనికి అయిందని, కాని పనికి కాలేదని, సగం అయితే సగమని, కారణంతో సహా రాసి ఇవ్వాలి. నాలుగు పనుల్లో మూడు నిజమైతే ఆ మూడింటికీ సంతకం పెట్టాలి. నాలుగోదాని మీద విచారణ అడగాలి, డబ్బు ఎవరు తిన్నారో వాళ్ల దగ్గర వసూలు చేయమనాలి. పార్లమెంట్ కమిటీలను మనం అడగాల్సింది కూడా ఇదే: తప్పుడు యూసీకి ఊరి గ్రాంటు ఆపకండి, సంతకం చేసిన అధికారిని పిలవండి.

రెండో అభ్యంతరం మన లోపలిది. దీని గురించి మాట్లాడితే కొందరికి కోపం వస్తుంది. కాంట్రాక్టు మనోడి పేర ఉంటుంది, పని చేసేది, పైసలు తీసుకునేది వేరేవాడు. మన చదువుకున్న పిల్లలే కొందరు పేరు అద్దెకిచ్చి కమిషన్ తీసుకుంటున్నారు. గ్రామసభలో గట్టిగా మాట్లాడేది వాళ్లే. పుస్తకం వాళ్ల బండి డిక్కీలోనే ఉంటుంది. "గ్రామసభకు అధికారం ఇస్తే ఇట్లాంటోళ్ల చేతికే పోతది" అని ఒక పెద్దమనిషి నాతో అన్నాడు. కాదని అనలేను. కానీ దానికి మందు గ్రామసభను తగ్గించడంలో లేదు. పుస్తకం అందరి ముందు చదివించడంలో, ఆడోళ్లు కూర్చున్నప్పుడే సభ పెట్టడంలో, మన భాషలో లెక్క చెప్పడంలో ఉంది. తెలుగులో రాసింది గోండిలోనో కోలామీలోనో చదివి వినిపించిన రోజు చాలామంది కమిషన్‌గాళ్ల నోరు పడిపోతుంది.

మనకిది కొత్త కూడా కాదు. ఉపాధి హామీ పనుల మీద సోషల్ ఆడిట్ దేశానికి నేర్పింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 2006 నుంచి ఊరూరా మస్టర్లు బహిరంగంగా చదివారు. చనిపోయినోళ్ల పేర కూలి తీసినట్టు, ఊళ్లో లేనోళ్ల పేర పని రాసినట్టు బయటపడ్డది అట్లాంటి సభల్లోనే. మస్టర్ చదవగలిగిన ఊరు పంచాయతీ ఓచర్ చదవలేదా?

మనం చేయగలిగింది

మా గూడెంలో చేసింది చెప్తాను. పెద్ద విజయగాథ ఏం కాదు. పటేల్ ఇంటి ముందు సభ పెట్టాం. రెండు ఓచర్లూ చదివాం. "ఈ రెండు పనులు మా గూడెంలో జరగలేదు. ఇంతకుముందు తీసుకున్న సంతకాలు వేరే పని చెప్పి తీసుకున్నవి" అని తీర్మానం రాశాం. పటేల్ మళ్లీ మొదటి సంతకం పెట్టాడు, ఈసారి చదివించుకుని. కాపీలు మండలానికి, జిల్లా పంచాయతీ ఆఫీసుకు, ఐటీడీఏకు, ఎంపీకి పంపాం. మూడు వారాల్లో మోటారు వచ్చింది. పోయిన డబ్బు సంగతి మీద ఈ రోజుకీ జవాబు లేదు. ఆ ఫైలు నా దగ్గరే ఉంది, మూయలేదు.

అది చూశాక మన సంఘం యువతకు నేను పెడుతున్న పని ఇది.

ఒకటి. ప్రతి గూడెంలో చదువుకున్న ఇద్దరు, అందులో ఒక అమ్మాయి తప్పకుండా, తమ పంచాయతీ ఓచర్లు మూడు నెలలకోసారి ఈ-గ్రామ్ స్వరాజ్‌లో చూసి ఒక నోటుబుక్‌లో రాయాలి. పని దగ్గరికి పోయి ఫొటో తీయాలి. ఆర్టీఐ ఫీజు 10 రూపాయలకు మించదు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అది కూడా లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది.

రెండు. గ్రామసభ తీర్మానం రెండు ప్రతులు రాయాలి. ఒకటి గూడెంలోనే ఉండాలి. ఖాళీ కాగితం మీద, ఖాళీ పేజీ కింద ఎవరు అడిగినా సంతకం పెట్టొద్దు. ఈ ఒక్క మాట ముసలోళ్లందరికీ చెప్పినా సగం పని అయినట్టే.

మూడు. బడ్జెట్ పుస్తకాల్లో 796 అనే పద్దు నంబర్ గుర్తుపెట్టుకోండి. గిరిజన ఉప ప్రణాళిక ఖర్చు ఆ చిన్న పద్దు కింద రావాలి. కేంద్ర బడ్జెట్‌లో అన్ని శాఖల ఎస్టీ కేటాయింపులు వ్యయ వివరాల పుస్తకంలో 10బి పట్టికలో ఉంటాయి. ఇవన్నీ ఇంటర్నెట్‌లో ఉచితం. పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఇది పెద్ద బరువేం కాదు.

నాలుగు. ఎంపీలను ప్రశ్న అడగమనాలి. లోక్‌సభలో ఎస్టీలకు 47 సీట్లు రిజర్వు. తెలంగాణలో ఆదిలాబాద్, మహబూబాబాద్, ఆంధ్రలో అరకు. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలకు నోటి జవాబు, 230 ప్రశ్నలకు రాతపూర్వక జవాబు ఉంటుంది. "మా సమస్యలు ప్రస్తావించండి" అని దండ వేస్తే లాభం లేదు. ప్రశ్న మనమే రాసివ్వాలి: షెడ్యూల్డ్ ఏరియా పంచాయతీల్లో పీసా 4(ఎఫ్) ప్రకారం గ్రామసభ ధ్రువీకరణ ఉన్న ఖర్చు ఎంత, లేనిది ఎంత, రాష్ట్రాల వారీగా చెప్పండి. మంత్రి "వివరాలు సేకరిస్తాం" అంటే అది ప్రభుత్వ హామీ కింద నమోదు కావచ్చు. హామీల సంఘం దాని వెంట పడుతుంది, మూడు నెలల్లో నెరవేర్చాలని నియమం. ఆ జవాబులన్నీ పార్లమెంట్ వెబ్‌సైట్‌లో మిగిలిపోతాయి, పదేళ్ల తర్వాత కూడా పనికొస్తాయి.

ఐదు. స్థాయీ సంఘాలు ఏదైనా విషయం పరిశీలించేటప్పుడు ప్రజల నుంచి అభిప్రాయాలు పిలుస్తాయి. నగరాల్లోని సంస్థలు పంపుతాయి. గూడెం నుంచి పోయేది చాలా తక్కువ. ఈసారి మన తీర్మానాలు, ఫొటోలు, ఓచర్ల కాపీలు కలిపి పంపుదాం. ఒక జిల్లా నుంచి ఇరవై గ్రామసభల కాగితాలు పోతే, ఆ రాష్ట్రం ఇచ్చిన ఒక్క వరుస అంకె పక్కన ఇంకో వరుస నిలబడుతుంది. అప్పుడు కమిటీకి అడగడానికి ఏదో ఉంటుంది.

అసలు డిమాండ్ మాత్రం ఒక్కటే పెట్టుకుందాం. షెడ్యూల్డ్ ఏరియాలో గ్రామసభ ధ్రువీకరణ జత చేయని పంచాయతీ ఖర్చును చెల్లుబాటయ్యే ఖర్చుగా ఏ ఆఫీసూ, ఏ ఆడిటరూ ఒప్పుకోకూడదు. కొత్త చట్టం అడగడం లేదు. ముప్పై ఏళ్ల కింద పార్లమెంట్ రాసిన మాటను పార్లమెంటే తనిఖీ చేయమంటున్నాం. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. కొత్త ఐదేళ్లు, కొత్త పైసలు. పాత పుస్తకాలతోనే అది కూడా మొదలైతే, మళ్లీ ఐదేళ్లకు నేనో, నాకంటే చిన్నోడెవడో ఇదే వ్యాసం రాస్తాడు.

భూమి కోసం కొట్లాడిన జాతి మనది. లెక్కల పుస్తకం పట్టుకోవడం గుమస్తా పని అని మన సంఘాల్లో ఒక చిన్నచూపు ఉంది. నాకూ ఉండేది. కానీ ఆ రోజు పటేల్ తల దించుకోవడం చూశాక అది పోయింది. ఆయన ఏ తప్పూ చేయలేదు. ఆయన సంతకాన్ని దొంగిలించి ఢిల్లీ దాకా మోసుకుపోయారు. ఇకనుంచి అక్కడికి పోయేది ఆయన చదివించుకుని పెట్టిన సంతకం కావాలి.

మీ పంచాయతీ ఓచర్లు ఈ వారంలో తెరిచి చూడండి. ఏం కనపడిందో కింద రాయండి. ఎవరి పేర్లూ పెట్టొద్దు, పని పేరు, ఏడాది రాస్తే చాలు. మిగతాది కలిసి చూద్దాం.

మావ నాటే మావ రాజ్.

జై ఆదివాసీ.